ఏడో కుళాయి

ఆరో కుళాయి దగ్గరికి వచ్చేసరికి తూనీగ చెప్పు తెగింది.

తెగడమంటే మామూలుగా కాదు. బొటనవేలి దగ్గర పట్టీ ఊడిపోయి, చెప్పు బురదలోనే ఉండిపోయి, కాలు ఒక్కటే పైకొచ్చింది. "అబ్బా!" అంటూ తూనీగ ఒంటికాలి మీద గెంతి, కుళాయి గట్టు పట్టుకుని నిలబడింది. సన్నగా వాన పడుతోంది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో సీసాల బుట్ట, చంకలో రిజిస్టరు. ఇప్పుడు వీటికి తోడు తెగిన చెప్పు ఒకటి.

ఆ పిల్లకి తూనీగ అని పేరు పెట్టింది క్లాసువాళ్లే. పదకొండేళ్లు. ఒక్కచోట నిలవదు. హోంవర్కు అందరికంటే ముందు ఇచ్చేస్తుంది. ఇచ్చేశాక, "అయ్యో, వెనక పేజీ కూడా ఉందా?" అంటుంది.

ప్రతి శనివారం పొద్దున తూనీగ స్కూలు పిల్లలు ఇద్దరిద్దరు చొప్పున వీధి కుళాయిల నీళ్లు పరీక్ష చేస్తారు. ఆ పని నేర్పింది ల్యాబ్ తాతయ్య. ఆయన పెద్దాసుపత్రి ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఊరికే కూర్చోవడం చేతకాక, తనలాంటి నలుగురిని పోగేసి, స్కూలు వెనక ఖాళీ గదిలో ఒక బల్ల, ఒక బీరువా పెట్టుకున్నారు.

పరీక్షలు రెండు. మొదటిది కుళాయి దగ్గరే అయిపోతుంది. చిన్న గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి, ఐదు చుక్కల మందు వెయ్యాలి. పసుపు రంగు తేలితే, నీళ్లలో క్రిముల్ని చంపే క్లోరిన్ ఉన్నట్టు. రంగు రాకపోతే లేనట్టు. రెండోదానికి ఓపిక కావాలి. మందు కాగితం ఉన్న చిన్న సీసాలో నీళ్లు నింపి, మూత బిగించి, తాతయ్య బీరువాలో వెచ్చగా పెట్టాలి. రెండు రోజుల్లో నీళ్లు నల్లబడితే మురుగు కలిసినట్టు.

ఆరో కుళాయి నీళ్లు చక్కగా పసుపు రంగుకి తిరిగాయి. తూనీగ గడిలో "పసుపు" అని రాసింది. ఇక మిగిలింది ఏడోది.

ఏడో కుళాయి అన్నిటికంటే చివర. పెద్ద రోడ్డు దాటి, మురుగుకాలువ పక్కనే నడిచి, సందు చివరిదాకా వెళ్లాలి. మామూలుగా అయితే తూనీగకి అది ఇష్టమైన చోటే. ఆ కుళాయి పక్కన గడియారాలు బాగుచేసే తాత కొట్టుంది. పిల్లలు రాగానే ఆయన తన స్టూలు ఇచ్చేసి, "రండి రండి, డాక్టర్లు వచ్చారు!" అంటాడు. స్టూలు మీద రిజిస్టరు పెట్టుకుని రాసుకోవచ్చు.

కానీ ఇవాళ తోడు లేదు. తన జంట పిల్ల, క్లాసులో అందరూ కళ్లజోడు అని పిలిచేది, వాళ్లమ్మతో పంటి డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఇద్దరు లేకుండా వెళ్లొద్దని తాతయ్య ఎప్పుడో చెప్పారు. తూనీగ ఆ సంగతి ఎవరికీ చెప్పకుండానే బుట్ట పట్టుకుని బయల్దేరింది. నేనొక్కదాన్నే చేసేస్తే అందరూ మెచ్చుకుంటారు కదా అనుకుంది.

ఇప్పుడేమో వాన, బురద, ఒంటి చెప్పు.

"అదే పైపు. అవే నీళ్లు" అని తనకి తానే చెప్పుకుంది. "ఆరింటికీ పసుపు వచ్చింది. ఏడోదానికి మాత్రం రాకుండా పోతుందా? పోయిన వారం వచ్చింది. అంతకు ముందు వారమూ వచ్చింది."

అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. ఏడో నంబరు సీసాని ఆరో కుళాయి కింద పెట్టి నింపేసింది. మూత బిగించింది. రిజిస్టరులో ఏడో గడిలో గబగబా "పసుపు" అని రాసింది.

అంతా కలిపి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

గదికి తిరిగి వచ్చాక ల్యాబ్ తాతయ్య సీసాలు లెక్కపెట్టుకుని రిజిస్టరు చూశారు. ఆయన పద్ధతే వేరు. పెన్సిలు పనికిరాదు, పెన్నుతోనే రాయాలి. తప్పు రాస్తే చెరపకూడదు, తెల్ల రంగు పుయ్యకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి.

"ఎందుకు తాతయ్యా? అసహ్యంగా కనిపిస్తుంది" అని ఒకసారి తూనీగే అడిగింది.

"కనిపించాలనే" అన్నారు ఆయన.

ఇవాళ రిజిస్టరులో ఒక్క కొట్టివేత కూడా లేదు. తాతయ్య ముచ్చటపడ్డారు. "ఒక్క చెప్పుతోనే అంత దూరం వెళ్లొచ్చావా తల్లీ!" అన్నారు. తూనీగ ఔననలేదు, కాదనలేదు. కాళ్లు కడుక్కోవాలంటూ బయటికి పరిగెత్తింది.

తాతయ్య స్కూలు గేటు దగ్గరున్న బోర్డు మీద, ఎప్పటిలాగే రంగు పరీక్షని బట్టి, గుండ్రటి అక్షరాలతో రాశారు: "ఈ వారం ఏడు కుళాయిలూ బాగున్నాయి."

*

సోమవారం క్లాసులో ఎనిమిది మంది రాలేదు.

ఎనిమిది మందికీ వాంతులు, విరేచనాలే. ఎనిమిది మందీ ఏడో కుళాయి సందువాళ్లే. ఆ సందు నుంచి వచ్చింది కళ్లజోడు ఒక్కతే. "మా పక్కింట్లో ముగ్గురు పడకేశారే. గడియారాల తాత కూడా కొట్టు తియ్యలేదు" అంది.

తూనీగ ఇంటర్వెల్లు బెల్లు కొట్టగానే వెనక గదికి పరిగెత్తింది. బీరువాలో ఏడు సీసాలూ వరసగా ఉన్నాయి. ఒక్కటీ నల్లబడలేదు. ఏడో నంబరు సీసా అన్నిటికంటే తేటగా ఉన్నట్టు కనిపించింది.

నల్లబడలేదు కదా అని ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది. ఆ సీసాలో ఉన్నది ఏ కుళాయి నీళ్లో మరుక్షణం గుర్తొచ్చింది.

మంగళవారానికి ఆ ఎనిమిది మంది ఇరవై మందయ్యారు. మధ్యాహ్నం నీటి సరఫరా ఇంజనీరు జీపు దిగి నేరుగా తాతయ్య గదికి వచ్చారు. తాతయ్య తూనీగని పిలిపించారు.

ఇంజనీరు రిజిస్టరులో గళ్ల మీద వేలు పెట్టి చదువుతూ పోయారు. "ఏడోది లైనుకి చిట్టచివర. చివర్లో మంచి నీళ్లు వచ్చాయంటే పైపంతా బాగున్నట్టే. మేం పంపిన శాంపిళ్ల రిపోర్టు రావాలంటే ఇంకా నాలుగు రోజులు. అందాకా మనకి ఉన్న ఆధారం ఇదొక్కటే." తలెత్తి చూశారు. "ఏడోది పట్టింది నువ్వేనామ్మా?"

గదిలో ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. తాతయ్య తూనీగ వైపు ధీమాగా చూస్తున్నారు. ఆ చూపే ఆమె కొంప ముంచింది.

"అవునండీ" అంది.

"అయితే నీళ్లు కాదు. మరి ఆ సందులో పిల్లా పెద్దా అందరూ తినేది ఏముంది?"

గుమ్మం దగ్గరున్న ఒకరు చెప్పారు, సందు మొదట్లో ఐసు పెద్దమ్మ బండి ఉంటుందని. రంగు నీళ్లు కలిపిన ఐసు అమ్ముతుంది.

"ఐసే అయ్యుండాలి" అన్నారు ఇంజనీరు.

"మా దగ్గర మిగిలిన సీసాలు తొమ్మిదే. కుళాయిల సంగతి తెలిసిందే కాబట్టి, తొమ్మిదీ ఐసుకే వాడేస్తాం" అన్నారు తాతయ్య.

సాయంత్రం తూనీగ ఇంటికి వెళ్తుంటే, సందు మొదట్లో జనం మూగి ఉన్నారు. ఐసు పెద్దమ్మ బండిని ఇద్దరు మనుషులు లారీ ఎక్కిస్తున్నారు. పెద్దమ్మ బండి చక్రం పట్టుకుని వదలడం లేదు.

"ఫ్యాక్టరీ ఐసయ్యా అది! నా మనవడు కూడా ఇదే తింటాడు!" అని అరుస్తోంది.

"పిల్లల ప్రాణాల మీదికి తెచ్చి ఇంకా మాట్లాడుతున్నావా?" అని ఒకాయన ఆమె మీద చెయ్యెత్తాడు. ఇంకెవరో ఆపారు.

తూనీగ తల వంచుకుని గోడ వెంబడే నడిచి ఇంటికి వెళ్లిపోయింది. ఆ పూట కంచంలో అన్నం అలాగే వదిలేసింది. "నీకూ ఒంట్లో బాలేదా ఏంటి?" అని అమ్మ నుదురు పట్టుకుని చూసింది. జ్వరం లేదు. జ్వరం ఉన్నా బాగుండేదని తూనీగకి అనిపించింది. రేపు చెప్తాను, రేపు తప్పకుండా చెప్తాను అనుకుంది.

*

బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకి కళ్లజోడు స్కూలు గేటు దగ్గర నిలబడి ఉంది. సంచీ లేదు. యూనిఫాం వేసుకోలేదు. బోర్డు వైపు చూస్తోంది.

"ఏంటే, ఇక్కడున్నావు?" అంది తూనీగ.

"టీచరుకి చెప్పి వెళ్దామని వచ్చా. బుజ్జిని ఆసుపత్రిలో పెట్టారు."

బుజ్జి కళ్లజోడు చెల్లెలు. మూడేళ్లుంటాయి. తూనీగ ఇంటికొస్తే చాలు, ఒళ్లో ఎక్కి కూర్చుని జడ పీకుతుంది.

"కళ్లు తెరవట్లేదే" అంది కళ్లజోడు. "చేతికి సూది దొరకట్లేదని పాదానికి గుచ్చారు. అయినా ఏడవలేదు. అదే భయంగా ఉంది."

తూనీగ కళ్లజోడు చెయ్యి పట్టుకుంది. "బుజ్జి ఐసు తిన్నదా?"

"దానికసలు ఐసంటేనే పడదు. నోట్లో పెడితే ఊసేస్తుంది." కళ్లజోడు అద్దాలు తీసి గౌను అంచుతో తుడుచుకుంది. "వానాకాలం అమ్మ ఎప్పుడూ నీళ్లు కాచే ఇస్తుంది. శనివారం ఈ బోర్డు చూసి, మీ తూనీగ చూసిందిగా, ఇంకేం భయం అని కాచడం మానేసింది."

కళ్లజోడు నిష్ఠూరంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పిందంతే. ఆమె ఇంకా ఏదో అంటూనే ఉంది. తూనీగ అప్పటికే పరుగు తీసింది.

వెనక గదిలో ల్యాబ్ తాతయ్య ఐసు సీసాలకి నంబర్లు అంటిస్తున్నారు.

"తాతయ్యా, ఏడో కుళాయి దగ్గరికి నేను వెళ్లలేదు."

ఆయన చెయ్యి ఆగిపోయింది.

"చెప్పు తెగింది. వాన పడుతోంది. ఏడో సీసాలో కూడా ఆరోదాని నీళ్లే పట్టాను. పసుపు అని ఊరికే రాసేశాను. నిన్న కూడా అబద్ధమే చెప్పాను." ఇంత వరకూ ఒక్క ఊపిరిలో చెప్పేసి, బావురుమంది.

తాతయ్య తిట్టలేదు. తిడితే బాగుండునని తూనీగ అనుకుంది. ఆయన ముఖం మాత్రం పాలిపోయింది. గోడ గడియారం వైపు చూశారు. ఎనిమిదీ నలభై. కుళాయిలు తొమ్మిది దాకా వస్తాయి.

"ఏడవడానికి తర్వాత బోలెడంత టైముంది. గొట్టం, మందు, వీటిలో ఒక సీసా తియ్యి. పద" అన్నారు.

ఆయనకి మోకాళ్ల నొప్పులు. అయినా ఆ రోజు తూనీగ ఆయన్ని అందుకోలేకపోయింది.

ఏడో కుళాయి దగ్గర బిందెలు, బకెట్లు బారులు తీరి ఉన్నాయి. గడియారాల తాత కొట్టు తలుపులు మూసే ఉన్నాయి. స్టూలు బయట బోర్లించి ఉంది. తూనీగ గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. చుక్కలు వేసి, మూత పెట్టి, ఊపి, వెలుగులోకి ఎత్తి పట్టుకుంది.

రంగు రాలేదు.

తాతయ్య అరచేతిలో కాసిని నీళ్లు పట్టుకుని వాసన చూశారు. వెంటనే పారబోసి, కుళాయి కట్టేసి, దానికి అడ్డంగా నిలబడ్డారు.

"ఎవరూ ఈ నీళ్లు ముట్టొద్దు. పట్టినవి పారబొయ్యండి."

"బోర్డు మీద బాగున్నాయని మీరే రాశారు కదండీ?" అంది బిందె పట్టుకున్న ఒకావిడ.

"రాశాను. తప్పు రాశాను" అన్నారు తాతయ్య.

తూనీగ పేరు ఆయన ఎత్తలేదు. పక్కన నిలబడ్డ తూనీగకి తల కొట్టేసినట్టయింది. "తాతయ్య కాదండీ, నేను రాశాను" అంది. గొంతు కీచుగా వచ్చింది. అక్కడున్న వాళ్లందరూ తన వైపు తిరిగారు. ఆ చూపులు తూనీగ చాలా రోజుల దాకా మర్చిపోలేదు.

*

గురువారం మురుగుకాలువ పక్కన తవ్వారు. ఆరో కుళాయికీ ఏడోదానికీ మధ్య పైపు చిట్లి ఉంది. కాలువ నీళ్లు అందులోకి దిగుతున్నాయి. బుధవారం పట్టిన సీసా ఒక్క రోజులోనే బొగ్గులా నల్లబడింది.

శుక్రవారం గడియారాల తాత చనిపోయాడు.

శనివారం తూనీగ తాతయ్య గదికి వెళ్లింది. ఆయన పోయిన వారం పేజీ తీసి, రిజిస్టరు తూనీగ ముందు పెట్టారు. పెన్ను ఇచ్చారు.

తూనీగ ఆ పేజీని చాలాసేపు చూసింది. నీట్‌గా, అందంగా ఉంది. చింపేయాలనిపించింది. ఆ తర్వాత ఏడో గడిలో "పసుపు" మీద ఒక్క గీత కొట్టింది. గీత కింద ఆ మాట ఇంకా కనిపిస్తూనే ఉంది. పక్కన "చూడలేదు" అని రాసి సంతకం పెట్టింది.

"తాతయ్యా" అంది, తల ఎత్తకుండా. "పోయిన శనివారం నేను వెళ్లుంటే, ఆ తాత బతికేవాడా?"

"తెలీదమ్మా" అన్నారు తాతయ్య. "అది తెలుసుకునే పరీక్ష మన దగ్గర లేదు."

ఆ సాయంత్రం తూనీగ అమ్మని తోడు తీసుకుని ఐసు పెద్దమ్మ ఇంటికి వెళ్లింది. జరిగిందంతా చెప్పి, క్షమించమని అడిగింది. పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి వింది.

"బండి ఇచ్చేశారులే" అంది. "కానీ నా చేతి ఐసు ఇప్పుడు ఎవరు కొంటారు? విషం పెట్టిన దాన్ని చూసినట్టు చూశారు నన్ను." తలుపు మీద చెయ్యి వేసి, "చెప్పావు. అది మంచిదే. ఇక వెళ్లు" అని తలుపు వేసేసుకుంది.

తలుపు ముఖాన వేస్తే కోపం రావాలి. తూనీగకి రాలేదు. దారి పొడుగునా అమ్మ చెయ్యి వదల్లేదు.

*

కొత్త పైపు వేశారు. ఏడో కుళాయి మళ్లీ తెరిచాక అది రెండో శనివారం. రిపోర్టులన్నీ బాగున్నాయి. బోర్డు కూడా నీళ్లు బాగున్నాయనే చెబుతోంది.

కళ్లజోడు ఇప్పుడు వేరే బెంచీలో కూర్చుంటోంది. కానీ పరీక్షకి ఇద్దరు వెళ్లాలి కాబట్టి గొడుగు పట్టుకుని వచ్చింది. ఆరు కుళాయిల దాకా ఇద్దరూ అవసరమైనవి తప్ప మాట్లాడుకోలేదు. ఆరింటికీ పసుపు వచ్చింది. మళ్లీ వాన మొదలైంది. ఇద్దరూ కాలువ పక్కనుంచి సందు చివరికి నడిచారు.

మూసిన కొట్టు ముందు స్టూలు అలాగే ఉంది. "రండి రండి" అనేవాళ్లు లేరు. తూనీగ స్టూలు తిప్పి, గుడ్డ లాంటిదేమీ లేక తన చేత్తోనే తడి తుడిచి, రిజిస్టరు పెట్టింది.

వెనక ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు. "తొందరగా కానివ్వండమ్మా, నీళ్లు పోతాయి" అన్నారు.

వాళ్లమ్మ బిందె పక్కన బుజ్జి నిలబడి ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చి పది రోజులైంది. గౌను వేలాడిపోతోంది. చేతిలో చిన్న స్టీలు కప్పు ఉంది.

"అక్కా, తాగనా?" అంది.

"ఆగమ్మా. చూసి చెప్తా."

తూనీగ గీత దాకా నీళ్లు పట్టింది. చుక్కలు పైకి లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. గొట్టం ఊపి, వెలుగులోకి ఎత్తింది.

రంగు రాలేదు.

తూనీగ గొట్టం కడిగి, మళ్లీ పట్టింది. మళ్లీ ఐదు చుక్కలు వేసింది. కళ్లజోడు దగ్గరికి వంగి, తన అద్దాల్లోంచి కూడా చూసింది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

"ఏమైందే? నిన్నగాక మొన్న కొత్త పైపు వేశారు. బాగానే ఉంటాయి, రాసెయ్యండి" అంది వెనకావిడ. "మందు పాతదై ఉంటుంది" అని ఇంకొకావిడ అంది. "వీళ్లొకళ్లు, ఎప్పుడూ భయపెట్టడమే."

తూనీగ పెన్ను తీసింది. ఏడో గడిలో "రంగు రాలేదు, రెండుసార్లు చూశాం" అని రాసింది. లేచి నిలబడి, కుళాయి కట్టేసింది.

"ఈ నీళ్లు వద్దండీ" అంది అందరికీ వినబడేలా. "తాతయ్య వచ్చి చూసేదాకా ఎవరూ పట్టొద్దు. మంచి నీళ్లు కావాలంటే ఆరో కుళాయి దగ్గర ఉన్నాయి. బిందెలు మేమూ మోస్తాం."

సణుగుళ్లు మొదలయ్యాయి. ఒకావిడ కుళాయి మీద చెయ్యి వెయ్యబోయింది. తూనీగ కదల్లేదు. కళ్లజోడు గొడుగు ముడిచి, వచ్చి ఆమె పక్కనే నిలబడింది.

"నిజంగానే రాలేదు. నేనూ చూశాను" అంది.

బుజ్జి అందరి ముఖాలూ చూసింది. తూనీగ ముఖం కూడా చూసింది. ఆ తర్వాత తన కప్పుని స్టూలు మీద, రిజిస్టరు పక్కన, జాగ్రత్తగా బోర్లించింది.